రేవుల లెక్కలో తప్పిపోయిన ఓడ

యాత్రా సాహిత్యం అనగానే మనం పుస్తకాల గురించి మాట్లాడతాం. కానీ పుస్తకం కంటే ముందే ప్రతి ప్రయాణానికీ ఇంకో పాఠం ఉంటుంది. టూరు కంపెనీ చేతికిచ్చే పట్టిక అది. ఏ రోజు ఏ ఊరు, ఎన్ని గంటలకు దిగాలి, ఎన్ని గంటలకల్లా తిరిగి ఎక్కాలి అన్నది అందులో ఉంటుంది. దాన్ని ఎవరూ సాహిత్యంగా చదవరు. అయితే తర్వాత రాయబోయే యాత్రాకథనంలో ఏది ఉంటుందో, ఏది ఉండదో చాలావరకు నిర్ణయించేది ఆ పట్టికే. స్త్రీల యాత్రా రచనలను విమర్శించేటప్పుడు మనం ఈ సంగతిని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఇది స్పష్టంగా కనిపించే చోటు విహార నౌకల ప్రయాణం. అందరూ క్రూజ్ అంటున్నారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను. క్రూజ్‌లు స్థూలంగా రెండు రకాలు. కొన్నిటిలో సముద్రం మీద గడిచే రోజులు ఎక్కువ. కొన్నిటిలో దాదాపు రోజుకో రేవు. ఈ రెండో రకంలో ఓడ ఉదయం ఏడెనిమిది గంటలకు రేవు చేరుతుంది. సాయంత్రం అయిదారు గంటలకు బయలుదేరుతుంది. ఆ వేళకు కనీసం అరగంట ముందే అందరూ లోపల ఉండాలి. సొంతంగా ఊరు చూడబోయి ఆలస్యమైన వాళ్ల కోసం ఓడ ఆగదు. మళ్లీ రాత్రంతా నడిచి తెల్లారేసరికి ఇంకో రేవు. అంటే ఓడ కదులుతున్నంతసేపూ మనిషి నిద్రలో ఉంటుంది. మనిషి మేలుకుని ఉన్నంతసేపూ ఓడ కట్టేసి ఉంటుంది. ఓడ ప్రయాణంలో లేకుండా పోయేది ఓడే!

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మొయినాబాద్‌లో కూర్చుని దీని గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. మా మండలంలోనే చిలుకూరు ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు దగ్గర్లో ఉన్న ఈ ఊరి గుడికి 'వీసా బాలాజీ' గుడి అనే పేరు స్థిరపడిపోయింది. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. అచ్చేసిన అంకెల కాగితం మీద ఒక్కో చుట్టుకూ ఒక్కో గుర్తు పెట్టుకుంటూ తిరిగే ఆడవాళ్లను ఏ రోజు వెళ్లినా చూడవచ్చు. వాళ్లలో చాలామంది తిరిగేది తమ వీసా కోసం కాదు, పిల్లల వీసాల కోసం. పిల్లలు వెళ్లి స్థిరపడ్డాక ఈ తల్లులకూ వీసా వస్తుంది. అది సాధారణంగా కూతురి పురుటికో, కోడలి పురుటికో. నెలల తరబడి ఆ ఇంట్లో వండి, పసిబిడ్డను చూసి, తిరిగి వచ్చేముందు వాళ్లకు పిల్లలు చేసే మర్యాద ఒకటి ఉంటుంది. ఈమధ్య ఆ మర్యాద క్రూజ్ రూపంలో జరుగుతోంది. మధ్యతరగతి తెలుగు స్త్రీ క్రూజ్ ఎక్కే దారి తరచుగా ఇదే. సంరక్షణ శ్రమకు జీతం ఉండదు, బహుమతి ఉంటుంది. ఆ బహుమతి వారం రోజులు.

అలాంటి ఒక ప్రయాణం గురించి రాసిన నోటుపుస్తకం ఈ వ్యాసానికి ఆధారం. రాసినావిడ చేవెళ్ల ప్రాంతపు బడుల్లో చాలాకాలం తెలుగు చెప్పి రిటైరయ్యారు. మొయినాబాద్‌లో నెలకోసారి కలిసి చదువుకునే మా నలుగురైదుగురిలో ఆవిడా ఒకరు. లండన్‌లో ఉన్న కూతురు పంపిన క్రూజ్ ఇది. బార్సిలోనాలో ఎక్కి, మార్సేయ్, జెనోవా, లివోర్నో, చివితవెక్కియా, నేపుల్స్ రేవులు చూసి మళ్లీ బార్సిలోనాకు రావడం. ఎక్కే రేవు కాకుండా అయిదు రేవులు. పూర్తిగా సముద్రం మీద గడిచింది ఒకే ఒక్క రోజు. ఆవిడ అనుమతితోనే ఆ నోటుపుస్తకాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నలభై ఎనిమిది పేజీల ఆ పుస్తకంలో ఓడ గురించి ఉన్నది పేజీన్నర. మిగతాదంతా రేవులు. నిజానికి రేవులు కూడా కావు. పట్టికలో 'రోమ్' అని ఉన్న రోజు ఓడ ఆగేది చివితవెక్కియాలో. అక్కడి నుంచి రోమ్‌కు 70 కిలోమీటర్ల పైనే. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ అంతకంటే దూరం. చేవెళ్ల నుంచి హైదరాబాదుకు ఎంత దూరమో దాదాపు దానికి రెట్టింపు. పొద్దున బస్సెక్కి, మధ్యాహ్నం అరగంటలో భోజనం ముగించి, ఒక చర్చి, ఒక చౌరస్తా, ఒక వంతెన చూసి, సాయంత్రం గడువు దాటుతుందేమోనని గుండె చేత్తో పట్టుకుని తిరిగి రావడం. రేవు అనే మాట వెనక బస్సు ఉంది. ఆ బస్సుకు ఓడ టికెట్టులో లేని ఖర్చు వేరే ఉంది. ఓడ రేవులో కట్టేసి ఉన్నప్పుడు చాలాచోట్ల అందులోని కేసినో, సుంకం లేని దుకాణాలు మూసి ఉంచాలి. ఆ రోజు కంపెనీ ఆదాయంలో ఈ బస్సు యాత్రలది పెద్ద పాత్ర. పట్టికలో రేవులు ఎక్కువ ఉన్నాయంటే అది యాత్రికురాలి మీద ప్రేమ మాత్రమే కాదన్నమాట.

ఆవిడ తిరిగి వచ్చాక అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని దేశాలు చూసినవక్కా?" అని. మూడు అని చెబితే వాళ్లకు తృప్తి. సముద్రం ఎట్లుండె అని అడిగినవాళ్లు తక్కువ.

ఇలాంటి రచన దొరికితే మన విమర్శకులు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. 'జాబితా రచన', 'ముట్టుకుని వచ్చిన యాత్ర', 'లోతు లేదు' అంటారు. స్త్రీల యాత్రాకథనాల మీద ఈ మాటలు చాలాసార్లు వాడారు. నేను ఈ తీర్పుతో ఏకీభవించను. ఆ జాబితా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. అరవై మూడేళ్ల వయసులో, పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర పురుటి కోసం వేయించుకున్న మనిషికి మళ్లీ వస్తానన్న నమ్మకం ఉండదు. మోకాళ్లు ఎన్నాళ్లు సహకరిస్తాయో తెలియదు. ఇంట్లో భర్త ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు. మళ్లీ ఎవరు పంపుతారో తెలియదు. ఎప్పుడంటే అప్పుడు వెళ్లగలిగినవాళ్లు ఒక ఊళ్లో పది రోజులు ఉండి 'లోతు' చూస్తారు. ఒక్కసారే దొరికినవాళ్లు దొరికినన్ని ఊళ్లు మూటగట్టుకుంటారు. అది అభిరుచి లేకపోవడం కాదు. సెలవు లేకపోవడం. నెమ్మది ప్రయాణాన్ని ఒక విలువగా, ఎక్కువ రేవుల ప్రయాణాన్ని ఒక లోపంగా చూసే విమర్శలో ఆస్తి ఉంది, మగతనం కూడా ఉంది.

కాబట్టి రేవుల జాబితాను నేను తప్పు పట్టను. నా అభ్యంతరం వేరే. ఆ నలభై ఆరున్నర పేజీల్లో ఆవిడ గొంతు నాకు వినిపించలేదు. పేజీన్నరలో వినిపించింది.

రేవుల పేజీల్లో ఆవిడ ఏం చేస్తున్నారో గమనించండి. అందరి పాస్‌పోర్టు నకళ్లూ ఆవిడ సంచిలోనే. భర్త బీపీ మాత్రలు, మనవడి బిస్కెట్లు, నీళ్ల సీసాలు, గొడుగు కూడా అక్కడే. చర్చి ముందు ఫొటోలో అందరూ ఉన్నారు గానీ ఆవిడ చేతిలో మనవడి చొక్కా ఉంది. పొద్దున ఏడింటికల్లా ముగ్గురిని తయారుచేసి దింపడం, సాయంత్రానికి లెక్క తప్పకుండా ఎక్కించడం. ఇది ఆవిడ ముప్ఫై ఏళ్లు చేసిన పనే. బడికీ ఇంటికీ మధ్య గంటలు పంచుకున్న అదే పద్ధతి. రేవులు ఎక్కువున్న పట్టిక గృహిణి దినచర్యలాంటిదే. అందులో ప్రతి గంటకూ ఒక పని ఉంటుంది. ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. గడువు తప్పితే మాట పడేది ఒక్కరే. ఊరు మారుతుంది గానీ ఆవిడ సమయం ఆవిడ చేతికి రాదు.

ఇప్పుడు పేజీన్నర సంగతి. ఓడ గురించి అందులో మూడు విషయాలున్నాయి.

మొదటిది, మొదటి రాత్రి మంచం కింద ఎక్కడో ఇంజను మోతకు నిద్ర పట్టకపోవడం. పక్కన ఎవరినీ లేపకుండా చీకట్లో కూర్చుని, ఇంత పెద్ద ఇల్లు నీళ్ల మీద పోతుంటే తాళం ఎవరు వేశారోనని తనకు అనుమానం వచ్చిందని రాశారు. రోజూ రాత్రి తలుపులూ గ్యాసూ చూసి పడుకునే మనిషికి తప్ప ఈ వాక్యం రాదు. ఫ్లోరెన్స్ గురించి రాసిన తొమ్మిది పేజీల్లో ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు.

రెండోది సముద్రపు రోజు. ఆ రోజు దిగేది లేదు, ఎక్కేది లేదు. మనవణ్ణి పిల్లల గదికి పంపారు. భర్త నిద్రపోయారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పైఅంతస్తులో కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగలేదట. మొదట భయం వేసిందట, ఏదో మరిచిపోయానేమోనని. ఆ తర్వాత భయం పోయిందని రాసి, వాక్యం అక్కడే ఆపేశారు. 1929లో వర్జీనియా వుల్ఫ్ రాయడానికి స్త్రీకి సొంత గది కావాలని వాదించినప్పటి నుంచి మనం గది గురించి చాలా చర్చించుకున్నాం. అంతరాయం లేని ఒక పూట గురించి అంత చర్చించలేదు. మా మిత్రురాలికి ఆ పూట దొరికింది. దాని గురించి ఆవిడ రాసింది మూడు వాక్యాలు. ఎందుకంటే అది ఏ ఊరూ కాదు, దానికి ఫొటో లేదు, ఎవరూ అడగరు.

మూడోది, గది శుభ్రం చేసే అమ్మాయి. ఇండోనేషియా నుంచి వచ్చిన ఆ అమ్మాయి తన కొడుకు ఫొటో చూపించిందట. వాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఆ సీజన్ అంతా ఓడ చివితవెక్కియాకు వచ్చి ఆగుతూనే ఉంది గానీ ఆమె రోమ్ చూడలేదు. అందరూ దిగిపోయిన రోజే కదా గదులన్నీ తుడవాలి!

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒకరి రేవు రోజు ఇంకొకరి పని రోజు. క్రూజ్ ఓడల్లో పనిచేసేవాళ్ల ఒప్పందాలు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. వారాంతపు సెలవులుండవు. సముద్ర కార్మికుల 2006 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పనిగంటలకు పెట్టిన గరిష్ఠ పరిమితే రోజుకు 14, వారానికి 72 గంటలు. చాలా ఓడలు బహామాస్, పనామా లాంటి దేశాల జెండాల కింద నమోదై ఉంటాయి కాబట్టి వాటికి వర్తించేవి ఆ దేశాల కార్మిక చట్టాలే. 2021లో వచ్చిన అంతర్జాతీయ నౌకా సంస్థల నివేదిక ప్రకారం ధ్రువపత్రాలున్న నావికుల్లో స్త్రీలు 24,059 మంది, అంటే 1.28 శాతం. వాళ్లలో ఎక్కువమంది పనిచేసేది క్రూజ్, ఫెర్రీ ఓడల్లోనే. పక్కలు సర్దే, వంటశాలలో పనిచేసే స్త్రీలందరూ ఆ లెక్కలోకి రారు. మనవణ్ణి పెంచి బహుమతిగా ఓడ ఎక్కిన ఒక అమ్మమ్మ, కొడుకును తన తల్లి దగ్గర వదిలి జీతం కోసం ఓడ ఎక్కిన ఒక అమ్మ, ఒకే గది గుమ్మంలో ఎదురుపడ్డారు. ఒకరికి ఓడ మీద సమయం లేదు. ఇంకొకరికి రేవులో సమయం లేదు. స్త్రీవాద విమర్శకు ఇంతకన్నా ముఖ్యమైన దృశ్యం ఆ యాత్రలో ఇంకొకటి ఉందా? అది నోటుపుస్తకంలో ఆరు వరుసలు.

ఈ అలవాటు ఆవిడ ఒక్కరిదే కాదు, మన యాత్రా రచనలోనే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరేదాకా రాసిన కాశీయాత్ర చరిత్రలో మజిలీల వివరం ఎంతో ఉంది. కుటుంబం, పరివారం కలిసి సుమారు వంద మంది నడిచిన ఆ ప్రయాణంలో ఆడవాళ్లకు రోజు ఎలా గడిచిందో మనకు తెలియదు. 1873లో భర్తతో కలిసి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిన పోతం జానకమ్మ తన అనుభవాలను తెలుగులో రాసి తానే ఇంగ్లీషు చేసుకున్నారు. 1876లో మద్రాసులో అచ్చయిన ఆ పుస్తకం పేరు 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్'. సూయజ్ కాలువ తెరిచి అప్పటికి నాలుగేళ్లు. సముద్రం దాటడమే ఆక్షేపణీయమైన కాలంలో వారాల తరబడి ఓడ మీద గడిపిన తెలుగు స్త్రీ ఆమె. ఆ సాహసం జరిగింది సముద్రం మీద. పుస్తకానికి పేరు మాత్రం చేరిన దేశానిదే. ఆమెను నేను తప్పు పట్టడం లేదు. పాఠకులు అడిగేది గమ్యం గురించేనని ఆమెకూ తెలుసు, మా మిత్రురాలికీ తెలుసు.

ఈ లెక్కను తలకిందులు చేసే స్త్రీలు కూడా మన చరిత్రలో ఉన్నారు. వాళ్లకు ఓడే తప్ప రేవులు లేవు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో ఒప్పంద కూలీలుగా 342 మంది వెళ్లారు. నెల దాటిన ప్రయాణం. ఆ తర్వాత నాటాల్‌కూ, ఇతర వలసలకూ వేల మంది తెలుగువాళ్లు వెళ్లారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే కులనామంలా అంటుకుంది. ఆ స్త్రీలు యాత్రాకథనాలు రాయలేదు. వాళ్ల గురించి మిగిలింది ఓడ జాబితాలోని ఒక వరుస: పేరు, వయసు, కులం, ఒంటి మీద గుర్తు. కానీ కరీబియన్ దీవులకు వెళ్లిన కూలీల భాషలో 'జహాజీ భాయి', 'జహాజీ బహిన్' అనే బంధుత్వ పదాలు పుట్టాయి. ఒకే ఓడలో వచ్చినవాళ్లు తోబుట్టువులతో సమానం అని అర్థం. కులాన్నీ ఊరినీ పోగొట్టుకున్నవాళ్లకు ఓడ మీద గడిచిన నెలలే కొత్త బంధుత్వాన్ని ఇచ్చాయి. 1903లో కలకత్తాలో ఒంటరిగా, గర్భవతిగా ఓడెక్కి దారిలోనే ప్రసవించిన తన ముత్తవ్వ కథను గయూత్రా బహదూర్ 2013లో 'కూలీ వుమన్' పుస్తకంగా రాసినప్పుడు ఆ ప్రయాణ కాలాన్నే వెతుక్కోవలసి వచ్చింది.

నేను ఆ బలవంతపు ప్రయాణాన్నీ ఈ విహారాన్నీ ఒక్క గాటన కట్టడం లేదు. ఆ ఓడల్లో ఆకలి, రోగం, లైంగిక హింస ఉన్నాయి. చెప్పేది ఒక్కటే. మనుషుల మధ్య సంబంధం ఏర్పడడానికి కావలసిన కాలం దారిలో ఉంటుంది. పట్టిక తొలగించేది సరిగ్గా ఆ కాలాన్నే.

రేవు లేకపోతే ప్రయాణం చెడిపోయినట్టేనన్న భావం ఎంత బలమైనదో మన తీరంలోనే చూశాం. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఒక క్రూజ్ ఓడ మొదలైంది. కేసినో మీద అభ్యంతరాలు వచ్చి పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతించకపోవడంతో ఓడ ఆ రేవులోకి వెళ్లలేకపోయింది. వార్తలన్నీ వెళ్లలేకపోయిన రేవు గురించే. అనుకోకుండా సముద్రం మీద దొరికిన ఆ రోజును ఎవరెలా గడిపారన్నది వార్త కాలేదు. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఇక ముందు మన స్త్రీల ఓడ ప్రయాణాలు పెరుగుతాయి, రచనలూ వస్తాయి. అందుకే ఈ మాట ఇప్పుడే అనుకోవడం మంచిది.

ఓడ ఎక్కలేనివాళ్ల సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లనుంచి పూలు, కూరగాయలు తీసుకుని హైదరాబాదు పోయే ఆడవాళ్లకు ఓడ అంటే బస్సే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. 2024 ఆగస్టులో బస్సులో కూర్చుని ఎల్లిపాయ పొట్టు తీస్తున్న ఆడవాళ్ల వీడియో తిరిగింది. దాని మీద పెద్ద నాయకులు వ్యాఖ్యానించారు, ఎగతాళి చేశారు. వ్యవహారం మహిళా కమిషన్ దాకా వెళ్లింది. ఆడవాళ్లు బస్సులో ఊరికే కూర్చుంటే పని లేక తిరుగుతున్నారంటారు. పని చేస్తే బస్సు వంటిల్లయిందంటారు. దారిలో ఉన్న స్త్రీ సమయం ఎవరికీ నచ్చదు. అది ఇంటి అధికారంలోనూ లేదు, గమ్యం అధికారంలోనూ లేదు కాబట్టి. మార్కెట్టు నుంచి ఖాళీ గంపతో తిరిగి వచ్చేటప్పుడు ఆ నలభై నిమిషాల్లో వాళ్లు నిద్రపోతారు, పోట్లాడుకుంటారు, లెక్కలు చూసుకుంటారు, పక్కమనిషితో అత్తగారి మీద చెప్పుకుంటారు. చాలామందికి దినమంతటిలో ఎవరూ పిలవని సమయం అదే. మా మిత్రురాలికి మధ్యధరా సముద్రం మీద దొరికిన పూటకూ దీనికీ తేడా డబ్బులో ఉంది, స్వభావంలో లేదు.

యాత్రాకథనాలు రాసే స్నేహితులకూ, వాటిని చదివి విమర్శించే మనకూ కలిపి నేను ప్రతిపాదించేది చిన్నదే. రేవుల జాబితాను చిన్నచూపు చూడొద్దు. అది ఎన్నేళ్ల ఆకలో చదవడం నేర్చుకుందాం. కానీ అక్కడే ఆగొద్దు. దారిలో ఎంతసేపు ఉన్నారు, ఆ సేపు ఎవరి చేతిలో ఉంది, మీరు దిగిన తర్వాత మీ గది ఎవరు తుడిచారు, ఏ పూట మిమ్మల్ని ఎవరూ పిలవలేదు అని అడుగుదాం. పరిశోధన విద్యార్థినులకు స్త్రీల యాత్రా సాహిత్యం అంశంగా ఇచ్చేటప్పుడు చూసిన ప్రదేశాల పట్టికతో పాటు ఈ నాలుగు ప్రశ్నలూ ఇద్దాం. అచ్చయిన పుస్తకాలతో పాటు అలమారల్లో ఉండిపోయిన ఇలాంటి నోటుపుస్తకాలనూ అడిగి తీసుకుందాం.

మా మిత్రురాలు తన రచనను పుస్తకంగా వేయాలనుకుంటున్నారు. ఫ్లోరెన్స్ తొమ్మిది పేజీలు తగ్గించమని నేను చెప్పలేదు, ఆవిడ అంత దూరం వెళ్లింది అది చూడడానికే. సముద్రపు రోజు మీద మూడు వాక్యాల దగ్గర ఆపేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టమని మాత్రం అడిగాను.